సార్ మర పట్టిన పాస్‌వర్డు

మా కంప్యూటర్ సార్ పోయారని నాకు నాలుగు రోజులు ఆలస్యంగా తెలిసింది. ఫోన్ చేసింది సార్ భార్య. "మీ సారు పోయినారు పాపా. ఆ రక్తమిచ్చేవాళ్ల లిస్టు ఎవురికీ తెరుచుకోవడం లేదు. గిద్దలూరులో ఒకామెకు కాన్పు దగ్గరపడిందంట, దొరకని గ్రూపంట" అన్నారు. ముందే కబురు చెప్పేంత దగ్గరగా నేనుంటే కదా.

మార్కాపురంలో పిండిమర పైనున్న గదిలో సార్ కంప్యూటర్లు నేర్పేవారు. కింద మర తిరిగితే పైన మానిటర్లు వణికేవి. కీబోర్డు దులిపితే జొన్నపిండి రాలేది. పలక మీద లెక్క తేల్చాకే మెషీన్ ముట్టుకోనిచ్చేవారు. "దానికి లేని తొందర నీకేంది?" అనేవారు. ఈ రోజు నాకు అన్నం పెడుతున్న చదువు ఆ గదిలోనే మొదలైంది.

లోకమంతా వదిలేసిన ఫాక్స్‌ప్రో అనే పాత ప్రోగ్రామును సార్ వదల్లేదు. కంభం, కొమరోలు దాకా రక్తదాతల పేర్లన్నీ అందులోనే ఎక్కించారు. పాస్‌వర్డు దాచే పద్ధతీ సొంతదే. ఒక్కో అక్షరానికి ఒక అంకె. ఆ అక్షరం మాటలో ఎన్నోదో దాంతో ఆ అంకెను హెచ్చించి, అన్నీ కూడి, తొమ్మిదివందల తొంభైఏడుతో భాగించి, మిగిలిన శేషాన్ని మాత్రమే దాచేవారు. కొట్టిన మాటకూ అదే శేషం వస్తే లిస్టు తెరుచుకునేది. "జొన్నలు పోస్తే పిండొస్తది. పిండి పోస్తే జొన్నలొస్తాయా? దాచేదంటే అట్ల దాచాల."

ఒంగోలులో ఉద్యోగంలో చేరాక ఒకసారి సార్‌ను చూడ్డానికి వచ్చి, నాలుగు ముక్కలు ఎక్కువ వచ్చాయన్న పొగరుతో, క్లాసులో అందరి ముందూ అన్నాను: "సార్, శేషాలు వెయ్యి కూడా లేవు. ఎన్నో మాటలకు అదే శేషం వస్తుంది. మీ తాళానికి ఊరంతా తాళంచెవులే." అందరూ నవ్వారు. "నేర్చుకున్నావు, మంచిదే" అన్నారు సార్. ఆ తర్వాత ఫోన్ చేయడం మానేశారు. నేనూ క్షమాపణ చెప్పలేదు. రేపు, మాపు అనుకుంటూ ఏళ్లు గడిపాను.

సార్ భార్య ఫోన్ చేసిన మధ్యాహ్నమే వెళ్లాను. మర ఆపేశారు. సార్ కుర్చీలో కూర్చోవడానికి మనసొప్పక నిలబడే పాస్‌వర్డుకు తోచినవన్నీ కొట్టాను. ఆవిడ పేరు, కొడుకు పేరు, సార్ సొంతూరు. ఏదీ కాదు. ఇక ఏమీ తోచక నా పేరు కొట్టాను.

లిస్టు తెరుచుకుంది. కొమరోలు దుకాణదారు ఒకాయనది అదే గ్రూపు. ఫోన్ చేస్తే వెంటనే బయల్దేరాడు. ఆ పని అయింది గాని, నేను నా పేరు దగ్గరే ఆగిపోయాను. కోపం పోయి నా పేరే పెట్టుకున్నారా? లేక నేను ఎగతాళి చేసినట్టే, శేషం కలిసి ఊరికే తెరుచుకుందా? అది తెలియకుండా కదల్లేకపోయాను.

"ఏం కొట్టినావు పాపా?" అని ఆవిడ అడిగితే చెప్పాను. "చూసినావా, నిన్ను మర్చిపోలే" అన్నారు. ఆ మాట తీసుకునే ధైర్యం నాకు లేకపోయింది. నా పేరంత పొడవున్న అక్షరాల కూర్పుల్లో ఏవేవి తెరుస్తాయో చూపించమని నాలుగు లైన్ల ప్రోగ్రాం రాశాను.

తెర మీదికి మాటలు రావడం మొదలైంది. ఎవరి పేర్లూ కావు, ఏ భాషా కాదు. పాత మెషీన్ ఒక్కోదాన్నీ మెల్లగా పైకి తోస్తూ పోయింది. మనుషుల్లేని ఊళ్లో హాజరు పిలుస్తున్నట్టుంది.

"ఇవన్నీ తెరుస్తాయా?" అన్నారావిడ.

"అన్నీ తెరుస్తాయమ్మా."

"మరి మీ సారు పెట్టినది ఏది?"

చాలాసేపటికి ఆ వరసలోకి నా పేరు వచ్చింది. ఆవిడ చటుక్కున దాని మీద వేలు పెట్టారు. వేలి కింద నుంచి నా పేరు జారి పైకి పోయింది. ఆ చోటికి ఇంకేదో మాట వచ్చింది, తర్వాత ఇంకొకటి. ఆవిడ వేలు తీయలేదు.