ఖాళీ నింపొద్దన్న బాబాయి

మా బాబాయి పోయాడన్న కబురు నా చెవులకి హెడ్‌ఫోన్లు ఉండగా వచ్చింది. నందిగామ ఇన్‌స్టిట్యూట్‌లో పొద్దున ఆరింటి బ్యాచ్‌కి ఆడియో ఫైలు పెట్టి నేనూ వాళ్ళతో పాటు వింటున్నాను. పక్కనున్న అమ్మాయి భుజం తట్టి, మోగుతున్న ఫోను చూపించింది. జగ్గయ్యపేట నుంచి పిన్ని. "మీ బాబాయి ఇంక లేరే," అంది. "ఏంటి పిన్నీ, మళ్ళీ చెప్పు," అన్నాను. వినపడక కాదు. ఒకసారి విన్నదాన్ని నమ్మొద్దని నేర్పినవాడు ఆయనే.

పెద్దకర్మ కూడా అయిపోయింది. నాకు మాత్రం ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. చీపురు పట్టుకుంటాను, సగం ఊడ్చి కంప్యూటరు ముందుకి వెళ్తాను, ఫైలు తెరుస్తాను, మూసేస్తాను, లేచి పిన్ని వాళ్ళింట్లోకి వెళ్తాను. మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. "అచ్చం ఆయనలాగే కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావేంటే," అంటుంది పిన్ని. రాస్తేనన్నా కుదురుగా కూర్చుంటానేమోనని ఇది మొదలుపెట్టాను.

కుదురు అనేది ఆయన ఒంట్లో లేదు. రోజూ జగ్గయ్యపేట నుంచి నందిగామకి బస్సులో వెళ్ళేవాడు. సీట్లు ఖాళీగా ఉన్నా ఫుట్‌బోర్డు దగ్గరే నిలబడేవాడు. "కూర్చోండి మాస్టారూ, టిక్కెట్టు సీటుకి కూడా ఇచ్చాం," అని కండక్టర్లు ఏడిపించేవాళ్ళు. కాఫీ నిలబడి తాగి, అడుగున రెండు గుక్కలు వదిలేసి బయల్దేరేవాడు. వేళ్ళు ఎప్పుడూ దేనిమీదో ఒకదానిమీద దరువేస్తూనే ఉండేవి. అలాంటి మనిషి జీవితమంతా నేర్పింది, కదలకుండా కూర్చుని ఒకే వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ వినడం!

నందిగామలో ఆయన నడిపిన ఇన్‌స్టిట్యూట్, తొంభైల్లో టైపు, షార్ట్‌హ్యాండ్‌ది. రేడియోలో ఇంగ్లీషు వార్తలు క్యాసెట్టులో ఎక్కించి మా చేత రాయించేవాడు. తను ఇంగ్లీషు నేర్చుకుంది కూడా అలాగే: ఒక వాక్యం వినడం, ఆపడం, అనడం, వెనక్కి తిప్పడం. ఆ టేప్‌రికార్డరులో వెనక్కి తిప్పే మీట మీది బాణం గుర్తు పూర్తిగా అరిగిపోయింది. ఎంతసేపు నొక్కితే ఎంత వెనక్కి పోతుందో దేవుడికే తెలియాలి. ఒక్కోసారి నిన్నటి వార్తల్లోకి పోయేది. ఒక్కోసారి టేపు చిక్కుపడి బయటికి వచ్చేది.

మీట దగ్గర మాలో ఎవరో ఒకరం కూర్చునేవాళ్ళం. వెనక్కి తిప్పాలంటే ఆయన నోటితో చెప్పేవాడు కాదు. వేలి కణుపుతో బల్ల మీద రెండుసార్లు కొట్టేవాడు. టక్, టక్. "నా మాట వాళ్ళ మాటలో కలిస్తే ఇంక మీరు వినేదేంటే?" అనేవాడు.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, వాటి వెంట మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ వచ్చింది. అమెరికాలో డాక్టర్లు రోగిని చూసి, చూసిందంతా గడగడా రికార్డరులో చెప్పేస్తారు. ఇక్కడ మనం అది విని రిపోర్టు టైపు చేసి పంపాలి. ఊళ్ళో డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న మాబోటి వాళ్ళకి అది పెద్ద ఆశ. కానీ కంప్యూటర్లో పాటలు వినే ప్లేయర్లతో ఆ పని సాగేది కాదు. వెనక్కి వెళ్ళాలంటే టైపు ఆపి మౌసు పట్టుకోవాలి, తెర మీద గీతని లాగాలి. వెంట్రుకవాసి లాగితే అర నిమిషం వెనక్కి పోయేది.

"పాటకి ముందుకు పోతే చాలు. మనది వెనక్కి పోయే పని. ఇట్లాంటి పని చేసేవాడెవడో ఇట్లాంటి ప్లేయరు చేసే ఉంటాడు. ఎక్కడుందో పట్టుకోవాలి, అంతే," అనేవాడు బాబాయి.

ఇంక ఆ వేట చూడాలి. ఇంట్లో ఫోను తీగతోనే ఇంటర్నెట్. డౌన్‌లోడు ముప్పాతిక అయ్యేసరికి కంచికచర్లలో ఉన్న వాళ్ళక్కతో మాట్లాడాలని పిన్ని రిసీవరు ఎత్తేది. అక్కడితో సరి. దొరికినవాటిని ఫ్లాపీల్లో ఎక్కించుకుని బస్సెక్కేవాడు. ఒకటి ఫ్లాపీలో పట్టలేదు. ఒకటి కాలితో తొక్కే పెడల్ ఉంటేగానీ కదలనంది. ఒకటి బ్రహ్మాండంగా పనిచేసి నెల తిరిగేసరికి గడువు అయిపోయిందని మొరాయించింది. దానికి బాబాయి కనిపెట్టిన ఉపాయం, కంప్యూటర్లో తేదీని ఏడాది వెనక్కి జరపడం. ప్లేయరు మళ్ళీ పాడింది. మేం పంపిన రిపోర్టులన్నీ పోయిన ఏడాది తేదీలతో వెళ్ళాయి. "ఏమండీ, రోగం రాకముందే రిపోర్టు రాసి పెట్టుకున్నారా?" అని హైదరాబాదు ఆఫీసు వాళ్ళు ఫోను చేశారు. ఆ మాట తలుచుకుని చాలా కాలం నవ్వుకున్నాం.

చివరికి ఒక చిన్న ప్లేయరు దొరికింది. డబ్బులడగదు, గడువు లేదు. ఒకే మీటతో ఆగుతుంది, అదే మీటతో మొదలవుతుంది. మొదలయ్యేటప్పుడు తనంతట తనే రెండు సెకన్లు వెనక్కి జరుగుతుంది. గోడ అవతల నుంచి బాబాయి కేక విని నేను పరిగెత్తాను.

"దొరికిందే! అదే వెనక్కి వెళ్తోంది! మనం అడక్కుండానే!"

"అది వెనక్కి వెళ్ళింది గానీ మీరు ముందు స్నానానికి వెళ్ళండి," అంది పిన్ని.

ప్లేయరు దొరికాక మాకు సాకు లేకుండా పోయింది. కీసర నుంచి వచ్చే అమ్మాయి ఒకసారి మందు మోతాదు దగ్గర తడబడింది. ఆ డాక్టరు ఏదో నములుతూ చెబుతున్నాడు. ఆమె ఏదో అంకె వేసేసింది.

"విన్నావా, అనుకున్నావా?" అన్నాడు బాబాయి.

"అనుకున్నా సార్. మామూలుగా అంతే ఇస్తారు కదండీ."

ఆ రోజు ఆయన కోపం చూడాల్సిందే. వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగారు. కాసేపటికి చల్లబడి, అన్నాడు: "వినపడకపోతే ఖాళీ పెట్టమ్మా. ఖాళీ తప్పు కాదు. అది చూస్తే ఆఫీసులో సరిచూసేవాడు మళ్ళీ వింటాడు. నువ్వు నింపేశావనుకో, ఇంకెవరూ వినరు."

పోయిన వేసవిలో ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దయిపోయింది. ఎడమ చేతి వేళ్ళు మాత్రం ఇనుప మంచం కమ్మీ మీద దరువు ఆపలేదు. ఆయన నోరు తెరవడం ఆలస్యం, అందరూ నింపేయడం మొదలుపెట్టారు. కాఫీ అంటున్నారని పిన్ని. మొక్కు తీర్చమంటున్నాడని చూడవచ్చిన చుట్టాలు. ఆయన ఒకే మాట పదే పదే అంటూ తల అడ్డంగా ఊపుతుంటే, మా నాన్న మంచం పక్కన కూర్చుని, "ఇన్‌స్టిట్యూట్ ఎత్తెయ్యమంటున్నాడు. కంప్యూటర్లు ఎవరికన్నా ఇచ్చేద్దాం. ఇంక నడపలేనని వాడికీ తెలుసు," అన్నాడు. బాబాయి దుప్పటి తన్నేశాడు. "బాధ ఉంటుంది కదా మరి," అన్నాడు నాన్న.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నాన్నా, నువ్వు విన్నావా, అనుకున్నావా?"

నేను సెల్‌ఫోను దిండు మీద పెట్టి, "బాబాయ్, ఇందాకటిది మళ్ళీ చెప్పు," అన్నాను. చెప్పాడు. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, ఆయన వెతికి తెచ్చిన ఆ ప్లేయర్లోనే వేగం తగ్గించి, రెండేసి సెకన్లు వెనక్కి పోతూ విన్నాను. మధ్యాహ్నమంతా పట్టింది. రాసుకున్న కాగితం తీసుకెళ్ళి మంచం దగ్గర చదివాను.

"తాళాలు దీనికివ్వండి. ఇక్కడ ఖాళీ బాబాయ్, వినపళ్ళేదు. ఆరింటి బ్యాచ్ బయట నుంచోకూడదు."

బాబాయి సగం నోటితో నవ్వాడు. ఆ ఖాళీలో మాట ఒక్కటీ మళ్ళీ అన్నాడు, నిదానంగా. ఈసారి అందరికీ వినపడింది. రేపట్నించే. కమ్మీ మీద వేళ్ళు ఆగాయి. నాన్న లేచి మేకుకున్న తాళాలగుత్తి తీసి నా చేతిలో పెట్టాడు.

అప్పటి నుంచి అదే అలవాటైంది. పొద్దున్నే మొదటి బస్సులో నందిగామ వెళ్ళి క్లాసు తీసుకోవడం, సాయంత్రం ఆయన చెప్పింది రికార్డు చేసి మర్నాడు చదివి వినిపించడం. ఎక్కువగా చీవాట్లే. ఎవరి స్పెల్లింగు బాగాలేదు, ఏ ఫ్యాను పనిచేయడం లేదు. ఫ్యాను సంగతి ఆయనకి ఎవరు చెప్పారో నాకిప్పటికీ తెలియదు.

పోయే ముందు సాయంత్రం కూడా చెప్పాడు. కాస్త పొడుగ్గా చెప్పాడు, బాగా అలిసిపోయి. రేపు విని చదువుతాలే అన్నాను. ఆ రేపు పొద్దున్నే పిన్ని ఫోను వచ్చింది.

ఆ ఫైలే నన్ను కూర్చోనివ్వడం లేదు. మొదట్లో నా పేరుంది. మధ్యలో పిన్ని పేరుంది. మిగతాదంతా ఖాళీ. వేగం తగ్గించాను, శబ్దం పెంచాను, చెవి మార్చి విన్నాను. రావడం లేదు.

నిన్న పిన్ని వచ్చి నా పక్కన నిలబడింది. "నా గురించి ఏమన్నారే?" అంది. నింపెయ్యడం ఎంత తేలికో! నిన్ను జాగ్రత్తగా చూసుకోమన్నాడు పిన్నీ అంటే చాలు, ఆమె ప్రాణం కుదుటపడేది. నోటిదాకా వచ్చింది కూడా. అనలేకపోయాను. హెడ్‌ఫోన్లు తీసి ఆమె చెవులకి పెట్టాను.

కళ్ళు మూసుకుని వింది. "నా పేరొక్కటే తెలిసిందే," అంది. "ఆఖర్న కమ్మీ మీద వేళ్ళు ఆడిస్తున్నారు. ఊరికే ఉండరుగా."

హెడ్‌ఫోన్లు లాక్కున్నట్టే తీసుకుని విన్నాను. అన్నిసార్లు విని కూడా నేను మాటల కోసమే విన్నాను. అది వేళ్ళ దరువు కాదు. కణుపుతో, తేటగా, రెండే. టక్, టక్. ఆ తర్వాత ఏమీ లేదు.

"పిన్నీ, అది ఆడించడం కాదు. వెనక్కెళ్ళి మళ్ళీ వినమంటున్నాడు."

పిన్ని నా వంక చూసింది. ఆయన బతికుండగా ఎప్పుడూ కంప్యూటరు ముట్టని మనిషి, కుర్చీ లాక్కుని కూర్చుంది. కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, హెడ్‌ఫోన్లు మళ్ళీ పెట్టుకుని, "ఏ మీటే?" అంది. చూపించాను. నొక్కింది. ఇంకోసారి నొక్కింది. నేను వంటింట్లోకి వెళ్ళి కాఫీ కలుపుకొచ్చేసరికి, ఇంకా నొక్కుతూనే ఉంది.