మీసం తుడిచిన చక్రం

కుళందైసామి బతుకంతా ఎద్దుల వెనకే గడిచింది. ఉడుమలైపేట చుట్టూ నల్లరేగడి దారుల్లో పత్తి తోలుకుంటూ ముసలివాడయ్యేవాడే. ఇంతలో అతని భార్య సౌందరానికి మేనమామ, తిరుమలసామి నాయుడు, కోయంబత్తూరు వేలంలో గుర్రబ్బండి కొన్నాడు. బదిలీ అయిన కుంపిణీ దొర ఎవరో వదిలేసి పోయిన బండి అది. చుట్టమైతే చెప్పినట్టు వింటాడని, తోలే పని కుళందైసామి నెత్తిన పెట్టాడు.

బండి అతనికి నచ్చలేదు. గుర్రం నచ్చింది. పొన్ను అని పిలిస్తే చెవి తిప్పేది.

నాయుడు మదుర నుంచి చిత్రకారుణ్ణి రప్పించి, బండి ఎడమ పలక మీద, ముందు చక్రం పక్కనే, తన ముఖం వేయించాడు. మీసాలు చెవుల దాకా ఉన్నాయి. మొదటిసారి ఎడమకు గట్టిగా తిప్పగానే చక్రం లోపలికి జరిగి, పలకను రాసుకుని, ఒక మీసాన్ని తుడిచేసింది. వీధిలో ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

మరునాడే వడ్రంగి చెల్లప్ప ఆశారి వచ్చి, ముందు ఇరుసు మీద చింతచెక్క దిమ్మ బిగించాడు. చక్రం ఎడమకు కొంత తిరిగి దిమ్మకు తగిలి ఆగిపోయేది. ముఖానికిక భయం లేదు. చావు గుర్రానికి వచ్చింది. సందు మలుపులో అది తిరిగేది, బండి తిరిగేది కాదు. బండి నుంచి గుర్రం పక్కగా ముందుకు సాగిన కొయ్య దాని ఎడమ భుజంలోకి దిగేది. నెల తిరక్కముందే భుజం పుండై చీము కారింది. నాయుడు దాని మీద పసుపు మెత్తించి, జరీ గుడ్డ కప్పించాడు. సాయంత్రం గుడ్డ ఊడదీస్తే చర్మం దానితోపాటే వచ్చేది. ఎంత కడుక్కున్నా చేతుల వాసన పోక, కుళందైసామికి ముద్ద దిగేది కాదు.

"మా మామ మూతికి ఇంత కావలా?" అంది సౌందరం. "దాన్ని కాకి గూడా ముట్టదే!"

అతను నవ్వలేదు. నాయుడి దగ్గరికి వెళ్లాడు.

"మామా, ఆ దిమ్మ తీపించేయండి."

"నా మీసం మళ్లీ చెరిపేదానికా?"

"బొమ్మని రవ్వంత ఎనక్కి ఏపించండి. ఆడికి చక్రం రాదు."

"ఎనక్కా! తిరుమలసామి ముఖం ఎనక ఉండాల్నా? పోరా, ఎద్దులోడికి అళగూ అందమూ అంటే ఏం తెలుస్తాది!"

"పుండు చూస్తిరా మామా?"

"గుడ్డ కప్పినాము గదరా. ఎవురికి కనిపిస్తాది?"

పెరుమాళ్ల ఊరేగింపు నాడు, గానుగ సందు దగ్గర ఎడమ మలుపులో పొన్ను ఆగిపోయింది.

"కొట్టరా!" అన్నాడు లోపల కూర్చున్న నాయుడు.

కుళందైసామి కొరడా ఎత్తాడు. జరీ గుడ్డ కిందినుంచి నెత్తురు కాలి మీదికి జారుతోంది. కొరడా బండిలో పడేసి, దిగి, తోలు పట్టీలు విప్పసాగాడు.

"ఏం చేస్తా ఉండావురా?"

"ఇప్పతా ఉండాను మామా."

"ఇంతమంది ముందర నా మానం తీస్తివే!"

నాయుడు మాత్రం దిగలేదు. తన పొలం దున్నే ముసలి పళనివేల్‌ని కేకేశాడు. పళనివేల్ తలగుడ్డ తీసి నడుముకు చుట్టుకుని, గుర్రం నిలబడ్డ చోట నిలబడ్డాడు. వెనక ఇద్దరు తోశారు. మలుపులో చక్రం దిమ్మకు తగిలింది. కొయ్య ముసలివాడి పక్కటెముకల్లో గుద్దుకుంది.

"మెల్లిగరా!" నాయుడు తల బయట పెట్టి అరిచాడు. "ముఖం, ముఖం!"

"తప్పైపోయినాది సామీ," అన్నాడు పళనివేల్, పక్క పట్టుకుని.

కుళందైసామి తుపుక్కున ఉమ్మేశాడు. పొన్నుని బావి దగ్గరికి నడిపించుకుపోయాడు. గుడ్డ పుండుకు అంటుకుపోయి ఉంది. దాన్ని లాగలేదు. దానంతట అది వదిలేదాకా నీళ్లు పోస్తూ నిలబడ్డాడు.