పాట ఎవరి పేరున ఉంది

మా అమ్మ రేపల్లెలో జాకెట్లు కుడుతుంది. బస్టాండు వెనక వీధిలో రోడ్డు మీదికి తెరుచుకునే ఒక గది, అందులో కాలితో తొక్కే కుట్టుమిషను. పెళ్లిళ్ల రోజుల్లో ఆ గదిలో నిలబడటానికి చోటుండేది కాదు. అమ్మ ఆ మిషను తొక్కుతూనే పాటలు కట్టేది. కాగితం మీద పెట్టింది ఎప్పుడూ లేదు. చరణం నోటికి పట్టేదాకా అదే పాడుకునేది, పట్టాక ఆదివారం గుడికి, అంటే మా చర్చికి, వచ్చే ఆడవాళ్లకు నేర్పేది. నేర్పాక దాని సంగతి వదిలేసి ఇంకోటి మొదలుపెట్టేది.

నేను హైస్కూల్లో ఉండగా మా తమ్ముడు చనిపోయాడు. వాడికి ఏడేళ్లు. జ్వరం తగ్గకపోతే రేపల్లె నుంచి తెనాలి తీసుకెళ్లారు. తెనాలిలో చూసి గుంటూరు తీసుకెళ్లమన్నారు. గుంటూరు చేరకుండానే, దారిలోనే పోయాడు. అమ్మ ఏడవలేదు. భూస్థాపన అయిపోయి జనం వెళ్లిపోయాక కూడా ఏడవలేదు. దుఃఖం లోపలే ఉండిపోతే మనిషికి ప్రమాదమని మా మేనత్తలు ఆమెను ఏడిపించాలని చాలా ప్రయత్నించారు. కొన్నాళ్లకు లేచి వెళ్లి మిషను ముందు కూర్చుంది. ఎవరిదో పెళ్లి జాకెట్టు కుడుతూ సన్నగా పాడటం మొదలుపెట్టింది.

'గుమ్మంలో నీ చెప్పులున్నాయి, ఇంట్లో నీ అలికిడి లేదు' అని మొదలవుతుంది ఆ పాట. వాడి చెప్పులు నిజంగానే గుమ్మంలో ఉన్నాయి. నాన్న వాడిని భుజాన వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాడు, చెప్పులతో పని పడలేదు. వాటిని అక్కడి నుంచి తీయడానికి మాలో ఎవరికీ చేతులు రాలేదు.

రెండో పాదం మధ్యలో ఆ పాట ఒకచోట తెగి, మళ్లీ అందుకుంటుంది. రాగానికి అక్కడ ఆగాల్సిన అవసరం లేదు. గుడ్డ తిప్పుకోవడానికి అమ్మ కాలు ఆపిన చోటు అది. ఆ విరుపుతో సహా గుడిలో నేర్పింది, అందరూ ఆ విరుపుతో సహా నేర్చుకున్నారు.

తర్వాత పాట మా గుడి దాటిపోయింది. చావు జరిగిన ఇళ్లలో ఆదరణ కూడికలకు పాడేవాళ్లు. మా ఊరి ఆడపిల్లలు అత్తవారి ఊళ్లకు పట్టుకెళ్లారు. ఒకసారి సముద్రం మీదికి వెళ్లిన పడవ తిరిగిరాలేదు. అందులో పోయిన మనిషి ఇంటివాళ్లు మా మతంవాళ్లు కారు. అయినా మనిషిని పంపి అమ్మను పిలిపించుకుని ఆ పాట పాడించుకున్నారు. తిరిగి వస్తూ బస్సులో అమ్మ నాతో ఒక్కమాటే అంది, వాళ్ల గుమ్మంలో కూడా చెప్పులున్నాయమ్మా అని.

నాకు బాపట్లలో ఒక కాలేజీ ఆఫీసులో గుమస్తా ఉద్యోగం వచ్చింది. పెళ్లయింది, అక్కడే స్థిరపడ్డాను. ఈమధ్య సంవత్సరాల్లోనే ఒక మధ్యాహ్నం పక్క టేబులు దగ్గర కూర్చునే ఆవిడ భోజనం చేస్తూ ఫోనులో పాట పెట్టుకుంది. వయొలిన్లు, వేణువు, వెనక పదిమంది కోరస్. ముందు నేను పట్టించుకోలేదు. రెండో పాదం మధ్యలో గొంతు ఆగి మళ్లీ అందుకునేసరికి నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఫోను అడిగి తీసుకుని చూశాను. తెల్లకోటు వేసుకున్న ఒకాయన సముద్రం ఒడ్డున నడుస్తూ పాడుతున్నాడు. కింద రచన, స్వరకల్పన, గానం అని మూడింటికీ ఒకటే పేరు. లక్షలమంది విన్నారు. ఆయనకు తెనాలిలో రికార్డింగు స్టూడియో ఉంది. ఆ మనిషిని నేను ఎరుగుదును. కొన్నేళ్ల కిందట రేపల్లెలో ఒక పెద్దాయన భూస్థాపనకు మైకుసెట్టు తెచ్చింది ఆయనే. ఆరోజు ఆడవాళ్లు పాడుతుంటే దగ్గరికి వచ్చి ఫోనులో రికార్డు చేసుకుంటూ నిలబడ్డాడని మా గుడి ఆవిడ ఒకామె తర్వాత చెప్పింది. పాట బాగుందని పట్టుకుంటున్నాడనుకున్నారట. నిజమే, అందుకే పట్టుకున్నాడు.

ఆ వారమే రేపల్లె వెళ్లి అమ్మకు వినిపించాను. పూర్తిగా వింది. మళ్లీ పెట్టమంది. బాగా పాడాడు అంది. అప్పుడు ఆయన ఎవరికో ఇచ్చిన ఇంటర్వ్యూ కూడా చూపించాను. తెల్లవారుజామున ప్రార్థనలో ఉండగా ఈ పాట పల్లవి తన చెవిలో వినపడిందని అందులో చెబుతున్నాడు.

అమ్మ ఫోను నా చేతికి ఇచ్చేసింది. తర్వాత అడిగింది. "ఆయనకి బిడ్డ పోయాడా?"

"తెలీదమ్మా."

"కనుక్కో. బిడ్డ పోయినోడైతే పాడుకోనీ. నా పేరెందుకు, ఆయన పేరే పెట్టుకోనీ."

కనుక్కున్నాను. ఇద్దరు పిల్లలు, ఇద్దరూ తెనాలిలో చదువుకుంటున్నారు, చల్లగా ఉన్నారు. ఆ ఇంట్లో ఎవరూ పోలేదు. ఆ సంగతి అమ్మకు చెప్పినప్పుడు నేను కోపం వస్తుందనుకున్నాను. కోపం రాలేదు. మా తమ్ముడు పోయిన రోజుల్లో ఉన్నట్టు అయిపోయింది ముఖం, ఎవరు పిలిచినా ఆలస్యంగా తిరిగి చూసేది.

ఏదో ఒకటి చెయ్యాలనిపించి, అమ్మను మిషను దగ్గర కూర్చోబెట్టి ఆ పాట పాడించి, నా ఫోనులో వీడియో తీసి నెట్‌లో పెట్టాను. కింద ఇది మా అమ్మ కట్టిన పాట అని రాశాను. చుట్టాలు, గుడివాళ్లు చూసి మంచి మాటలు రాస్తున్నారు. అంతలో వీడియో కనపడకుండా పోయింది. దాని చోట ఒక సందేశం. హక్కుదారు ఫిర్యాదు మేరకు తీసేశాం, ఇలా మళ్లీ జరిగితే మీ ఖాతా మూసేస్తాం అని. హక్కుదారు ఆయన.

ఈ మాట అమ్మకు ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. చివరకు చెప్పాను. అయితే నేనిక పాడకూడదా అని అడిగింది. ఇంట్లో పాడుకోవచ్చమ్మా అన్నాను. సమాధుల తోటలో పాడితే అని అడిగింది.

తెనాలిలో ఒక ప్లీడరుగారి దగ్గరికి వెళ్లాం. నెమ్మదస్తుడు. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, పాట పూర్తిగా పాడించుకుని విన్నాడు. చట్టం మీ పక్షానే ఉందమ్మా అన్నాడు. పాట కట్టిన క్షణం నుంచే దాని మీద హక్కు కట్టినవాళ్లదట. రిజిస్టరు చేయించకపోయినా పోదట. అమ్మ బతికి ఉన్నంతకాలం, ఆమె తర్వాత ఇంకో అరవై ఏళ్లు ఆ హక్కు నిలుస్తుందట. అయితే కట్టింది మీరేనని చూపించాలి, చిక్కంతా అక్కడే ఉంది అన్నాడు. అవతలివాళ్లు రిజిస్టరు చేయించుకుని ఉంటే కోర్టు ముందు ఆ కాగితాన్నే నమ్ముతుంది, అది తప్పని రుజువు చేసే బరువు మన మీద పడుతుంది.

ఆయన మాకు ధైర్యం చెప్పాలని తన కక్షిదారు ఒకాయన సంగతి చెప్పాడు. తెనాలిలోనే మినుములు పొట్టుతీసే మరల పని చేసే మనిషి. కొత్తరకం మర ఒకటి తయారుచేసి, ఎవరికీ చూపించకముందే పేటెంటుకు దరఖాస్తు పెట్టాడట. పెద్ద కంపెనీవాళ్లు దాన్ని చూసి అలాగే చేయబోతే ఆపగలిగాడట. ఇప్పుడు ఆ మర మీద బతుకుతూ ఇంకో మర తయారుచేస్తున్నాడట. "ఈ చట్టాలు ఉన్నది దొంగని పట్టుకోడానికే కాదమ్మా. చేసినవాడు నిశ్చింతగా కూర్చుని ఇంకోటి చేసుకోడానికి" అన్నాడు. ఆ మాట నిజమేనని నాకు తెలుస్తూనే ఉంది. కానీ పొరుగూళ్లో వాన పడిందని విన్నట్టుగా విన్నాను.

ఆ స్టూడియో ఆయనకు నోటీసు పంపాం. జవాబు వచ్చింది. పాట ఆయన పేరున రిజిస్టరై ఉంది. మీ దగ్గర ఉన్న రాతప్రతి చూపించండి అన్నారు. మా దగ్గర రాతప్రతి ఏముంది? అమ్మ నుంచి నేర్చుకున్న ఆడవాళ్లున్నారు. వాళ్లలో కొందరు సాక్ష్యం చెబుతామని ముందుకొచ్చారు. నాకు ఆశ పుట్టింది. ఆ కొద్దిరోజులు మా ఇంట్లో వెలుగుగా ఉంది.

ఈలోపు సంఘపెద్దలకు ఈ సంగతి చేరింది. విశ్వాసులు ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కితే లోకం నవ్వుతుందన్నారు. గుడికి కొత్త సౌండు సిస్టమ్ పెట్టిస్తానని స్టూడియో ఆయన అప్పటికే మాటిచ్చి ఉన్నాడని నాకు తర్వాత తెలిసింది. పాస్టరు అయ్యగారి ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టారు. స్టూడియో ఆయన తెనాలి నుంచి కారులో వచ్చాడు. రాగానే అమ్మకు వంగి వందనాలు చెప్పాడు.

"పాట దేవుడిచ్చింది అమ్మగారూ. మీ ద్వారా ఇచ్చాడో నా ద్వారా ఇచ్చాడో, మహిమ ఆయనకే కదండి" అన్నాడు.

మహిమ దేవుడిదైతే పేరు మాత్రం మీది ఎందుకు పెట్టుకున్నారని నేను అడిగాను. అయ్యగారు నావైపు చూశారు. స్టూడియో ఆయన మాత్రం నొచ్చుకోలేదు.

"రక్షణ కోసమే సిస్టర్. ఆర్కెస్ట్రా పెట్టి, ఇంత శ్రమపడి తీశాం. రిజిస్టర్ చేయించకపోతే ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు."

ఆయన వేళాకోళానికి అనలేదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. అది నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది. తర్వాత ఒక దారి చెప్పాడు. వీడియో కింద కృతజ్ఞతలు అని పెట్టి, అందులో రేపల్లె సోదరీమణులు అని రాయిస్తాడట. పెద్దలకు అది న్యాయంగా తోచింది. అమ్మ ఒప్పుకుంటుందేమోనని నేను భయపడ్డాను.

అమ్మ అంతసేపూ నేల చూస్తూ కూర్చుంది. తల ఎత్తి ఆయన్ని మెల్లగా అడిగింది.

"బాబూ, ఆ చెప్పులు ఎవరివి?"

"ఏ చెప్పులండి?"

"పాటలో చెప్పులు."

ఆయన ఒక్క క్షణం తడుముకున్నాడు. "అది ఉపమానం అమ్మగారూ. ఆత్మ దేహాన్ని విడిచి వెళ్లిపోవడం అన్నమాట."

అమ్మ లేచి బయటికి వచ్చేసింది. ఆమె వెనకే నేనూ వచ్చాను.

ఆ తర్వాత సాక్ష్యం చెబుతామన్న ఆడవాళ్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఒకామె కోడలికి ఒంట్లో బాగాలేదంది, ఒకామె చాలా ఏళ్లయింది కదమ్మా సరిగా గుర్తులేదంది. వాళ్ల మీద నాకు కోపం లేదు. అదే గుడిలో వాళ్లు రేపు మళ్లీ కూర్చోవాలి. నేను మాత్రం కేసు వెయ్యాల్సిందేనని పట్టుబట్టి మళ్లీ ప్లీడరుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన దాచకుండా చెప్పాడు. అమ్మను బోనెక్కించి గంటలతరబడి అడుగుతారు. కొడుకు పోయిన దుఃఖంలో కట్టిన పాట అంటున్నారు కాబట్టి ముందు ఆ కొడుకు సంగతే తేల్చమంటారు. మరణ ధ్రువపత్రం తీసుకురండి అన్నాడు.

మునిసిపాలిటీలో అడిగాను. రేపల్లెలో చనిపోలేదు కాబట్టి తమ దగ్గర ఉండదన్నారు. తెనాలి ఆస్పత్రిలో బతికి ఉండగానే బయటికి వెళ్లాడని ఉంటుందన్నారు. గుంటూరు చేరనే లేదు. మా తమ్ముడు ఏ ఊళ్లోనూ చనిపోలేదు.

ఇది విని అమ్మ కుడుతున్న గుడ్డ పక్కన పెట్టింది.

"వాడు ఉన్నాడని కూడా నేను రుజువు చెయ్యాలా?" అంది. "వద్దులేమ్మా. పాట పోతే పోయింది. వాణ్ణి వాళ్ల ముందు పెట్టను."

కేసు వెయ్యలేదు. పాట ఆయన పేరునే ఉంది. వీడియో కింద కృతజ్ఞతల మాట కూడా రాలేదు, మేము ఒప్పుకోలేదు కదా మరి.

నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించింది ఆ తర్వాత జరిగింది. అమ్మకు ఇంకా ఎన్నో పాటలున్నాయి, ఎవరూ ఎత్తుకుపోనివి. వాటినైనా రాసుకుని, రికార్డు చేసి, ఆమె పేరున రిజిస్టరు చేయిద్దామన్నాను. ప్లీడరుగారు ఫీజు లేకుండా చేసిపెడతానన్నాడు. పాడమని అడిగితే అమ్మ రేపు అనేది. కొన్ని వారాలు అలా గడిచాక అసలు సంగతి చెప్పింది. నోట్లోకి ఏదైనా వస్తుంటే, ఇది ఎవరిదో ఏమో అనిపిస్తోందట. తనదేనా, ఎక్కడైనా విన్నదా అని ఆలోచిస్తూ ఉండగానే అది పోతోందట. కొత్తగా ఏమీ రావట్లేదమ్మా అంది. ఆ మాట చెప్పి రెండేళ్లు దాటింది. ఇప్పటికీ ఏమీ రాలేదు.

పోయిన నెల బాపట్లలో మా ఆఫీసు ఆవిడ తన చెల్లెల్ని మా ఇంటికి తీసుకొచ్చింది. ఆ అమ్మాయి డిగ్రీ చదువుతోంది, పాట ఒకటి కట్టిందట, ఆదివారం యువజనుల కూడికలో పాడబోతోందట, ముందు నాకు వినిపించాలని వచ్చింది. గొంతు సవరించుకుని పాడబోతుంటే నేను ఆపాను. ముందు రాసి తేదీ వేసుకోమన్నాను, రికార్డు చేసి పెట్టుకోమన్నాను, రిజిస్టరు చేయించేదాకా నలుగురిలో పాడొద్దన్నాను. నాకు తెలిసినదంతా చెప్పాను. చెప్పినదాంట్లో ఒక్కటి కూడా అబద్ధం లేదు.

ఆ పిల్ల బుద్ధిగా తలూపుతూ వింది. సరే ఆంటీ అంది. టీ తాగి ఇద్దరూ వెళ్లిపోయారు. ఆదివారం ఆమె వేరే ఎవరిదో పాట పాడిందని తర్వాత వాళ్లక్క చెప్పింది. తను కట్టిన పాట ఎలా ఉంటుందో నేను వినలేదు, ఇంకెవరూ వినలేదు.