తుపాను రాయాల్సిన చెయ్యి

ఏడు తుపాన్లు ఎక్కడ తీరం దాటేదీ వేలు పెట్టి చూపించిన వాతావరణ అధికారి ఆయన. కాళ్లు చచ్చుబడినా చదువులో ఏనాడూ రెండోవాడు కాలేదు. ఎక్కడ కూర్చున్నా ముందు కిటికీలోంచి మబ్బు చూసుకుంటారు. సభలవాళ్లకు మాత్రం ఆ మబ్బులతో పనిలేదు, ఆ కాళ్ల కథే కావాలి. ఇవాళా నలుగురు ఆయన్ని చక్రాల కుర్చీతో సహా పల్లకీలా వేదిక మీదికి ఎత్తారు. ఆయన గంటసేపు మాట్లాడి, "ఇక దింపండయ్యా! మూడింటికి తుపాను హెచ్చరిక నేనే రాయాలి" అన్నారు.

"మోసేవాళ్లు భోజనాలకెళ్లారు సార్. అయినా మీకేం, కొండలే ఎక్కేస్తారు!" అని నవ్వాడు నిర్వాహకుడు.

వేదికకు ఉన్నవి ఆరే మెట్లు. మూడూ పదికి ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది: "మీరు రాలేదని మేమే రాసి పంపేశాం సార్."

అంతలో ఒకావిడ ఫోను ఎత్తి పట్టుకుంది. "ఇందాక ప్రసంగంలో నన్నేదీ ఆపలేదన్నారే, ఆ ముక్క ఇంకోసారి అనండి సార్, మావాడికి చూపిస్తా."

ఆయన మెట్లకేసి ఒకసారి చూసి, చొక్కా సర్దుకున్నారు.

"నన్నేదీ ఆపలేదమ్మా."