బోర్లించని బుట్ట

సహోదరులారా, ఈ కుప్పం సంఘంలో నిలబడి మాట్లాడటం నాకు కొత్త, అయినా పొందిన మేలు చెప్పకపోతే నోరుండి ఏం లాభం! నా పేరు సుగుణమ్మ, మాది పుంగనూరు దగ్గర పల్లె, రెండెకరాల్లో టమోటా పెట్టి మదనపల్లె మార్కెట్టుకు తోలేవాళ్ళం. తొంభైల్లో ఒక ఏడాది నాకు దురాశ పుట్టి, పగిలిన కాయలు బుట్ట అడుగున వేసి, పైన నిగనిగలాడేవి పేర్చాను. మండీ యజమాని నాగరాజప్ప బుట్టను నేల మీద బోర్లించేసరికి గుట్టు బయటపడింది. అప్పుడైనా ఒప్పుకున్నానా? అబ్బే! "నేను కాదప్పా, మా పక్కింటి రాములమ్మ నింపింది" అని ఆ మహాతల్లి మీదికి తోసేశాను.

మా పల్లెలో ఒకరి కోతకు ఒకరు బదులు పోతాం, ఈ రోజు మీ చేనికి, రేపు మా చేనికి, కూలి మాటే ఉండదు. ఈ నింద చెవిన పడ్డాక, తప్పు ఎవరిదో తేలక, రేపు తమ మీదికీ తోస్తానేమోనని, నా కోతకు ఒక్కరూ రాలేదు. కూలికి పిలిస్తే, కాయలు కొంగున కట్టుకుపోతారేమోనని వెంటపడి చూసేదాన్ని, వాళ్ళూ మానేశారు. కాయలు చెట్టు మీదే మెత్తబడి రాలిపోయాయి. మార్కెట్లో పచ్చరంగు గుర్తు వేసిన నా బుట్ట కనబడితే చాలు, ముందు బోర్లించేవాళ్ళు. నేల తగిలి నలిగిన కాయకు ధర ఎవరిస్తారు? అన్నం సయించదు, నిద్ర పట్టదు, కడుపులో ఒకటే మంట, పలమనేరు డాక్టరు మాత్రలన్నీ మింగినా తగ్గలేదు.

పల్లెవాళ్ళకు బుద్ధి చెప్పమని దేవుణ్ణి అడిగేదాన్ని, నా సిగ్గులేనితనం చూడండి! ఒక ఆదివారం ఆ ప్రార్థనే మొదలుపెడితే, నా చేతులతో పేర్చిన ఆ బుట్టే కళ్ళముందు కనబడింది. నా నోట వచ్చింది ఇదొక్కటే: "తండ్రీ, నన్ను బోర్లించు. అడుగున ఏముండాదో నీకు తెలుసు, అందరికీ తెలియనీ."

మరునాడు మార్కెట్టుకు పోయి, నాగరాజప్ప ముందర, రైతులందరి ముందర, ఆ బుట్ట నింపింది నేనేనని చెప్పి, తిరిగొచ్చి రాములమ్మ కాళ్ళ మీద పడ్డాను. ఆమె నన్ను రెక్క పట్టి లేపింది. "ఇన్నాళ్ళూ నన్ను ఎవురూ పనికి పిలవలేదు సుగుణా, తెలుసా నీకు?" అనింది. తర్వాత కొంగు నడుముకు దోపుకుని, "పా, సేన్లో కాయలు కుళ్తాండాయి" అనింది.

అంతటితో నమ్మేస్తారా ఎవరైనా? రెండు పంటలు నా బుట్టలు బోర్లిస్తూనే ఉన్నారు, నేనే గోనె పరిచి, "సూడండప్పా" అని నా చేతులతో కుమ్మరించేదాన్ని. మూడో పంటకు ఒక పొద్దున కుర్రకూలీలు నా బుట్ట ఎత్తబోతుంటే నాగరాజప్ప, "అది సుగుణమ్మ బుట్ట, బోర్లించబాకండి" అన్నాడు. అంతే! మార్కెట్టు మధ్యలో చిన్నపిల్లలా ఏడ్చేశాను. ఆ రోజు ఒక్క కాయ నలగలేదు, మంచి ధర పలికింది, ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను. దేవునికే మహిమ!

రాములమ్మ కూడా నాతో బస్సెక్కి వచ్చింది, అదిగో, వెనక వరసలో కూర్చుని నవ్వుతోంది. నా ప్రియులారా, మీ బుట్ట అడుగున ఏదైనా దాచి ఉంటే యేసయ్య ముందు కుమ్మరించండి. ఆయన చేతుల్లో ఏ కాయా నలగదు.