రొయ్య లేని గాలం

శుక్రవారం పొద్దున అల్ ఖోర్ వెళ్ళొచ్చానంటే ఆదివారం ఆఫీసుకు బయల్దేరే వేళకి కూడా నా కారులో మడ వాసన వదలదు. ఐన్ ఖాలిద్‌లో మా అపార్ట్‌మెంట్ కింద ఎండలో నిలబడ్డ కారు తలుపు తీయగానే ఉప్పూ, కుళ్ళిన ఆకూ, నల్లబురదా, ఎండిన నాచూ కలిసి గుప్పుమంటాయి. ముషైరిబ్ దాకా నాతో పాటు వచ్చే మలయాళీ అమ్మాయి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని ఇక నుంచి మెట్రోలో పోతానని వారం వారం బెదిరిస్తుంది, వారం వారం ఎక్కి కూర్చుంటుంది. నేనేమో అద్దాలు దించకుండా కాసేపు పీల్చుకుంటాను, ఎందుకంటే అది నా పన్నెండో ఏటి వాసన.

అప్పుడు మేం ఈ ఎడారి దేశంలోనే, ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న అల్ ఖోర్‌లో ఉండేవాళ్ళం. నాన్న గ్యాస్ ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. ఆయన పుట్టింది తాళ్ళరేవు దగ్గర, కోరంగి మడ అడవుల పక్కన, అందుకని ఇక్కడి సముద్రపు పాయల్లో అవే మడచెట్లు కనిపించేసరికి, ఎడారిలో మేనత్త ఎదురైనంత సంబరపడ్డాడట. ఎండాకాలమంతా గోడలు సెగలు కక్కుతుంటే ఏసీ గదిలో క్యారమ్స్ ఆడి ఆడి విసిగిపోయిన మాకు, అక్టోబరు రాగానే పెళ్ళివారిల్లులా ఉండేది: కాంపౌండులో సైకిళ్ళు, ఖోఖో, సాయంత్రాలు బాడ్మింటన్, బాల్కనీల్లో ఆరేసిన వడియాలు, శుక్రవారం పొద్దున్నే అమ్మ పోసే పెసరట్లు, అల్లప్పచ్చడి, ఆ తర్వాత నాన్న లుంగీ పైకి కట్టి, బకెట్టులో రొయ్యలు వేసుకుని, నన్ను వెంటేసుకుని పాయ ఒడ్డున రాళ్ళ మీదికి నడవడం. అక్కడికి పనివాళ్ళ క్యాంపు బస్సు దిగి మల్లేశం బాబాయ్ వచ్చేవాడు. ఆయనది జగిత్యాల వైపు, సైట్లో సెంట్రింగ్ పని, చేపలు పట్టడం కన్నా మాట్లాడ్డం ఎక్కువ వచ్చు. మధ్యాహ్నానికి నాలుగు షేరీ చేపలో, ఒక హమూరో దొరికితే, సూటుకేసులో ఊరి నుంచి మోసుకొచ్చిన చింతపండుతో అమ్మ పులుసు పెట్టేది. నాన్న తృప్తిగా తిని, చివర్లో మాత్రం, "పండుగప్ప రుచి దీనికెక్కడిదిలే" అనకుండా చెయ్యి కడిగేవాడు కాదు.

ఆ ఏడు వేసవి చివర్లో నాన్న పైఅధికారి, స్కాట్లండ్ నుంచి వచ్చిన ముసలి ఇంజినీరు, మా ఇంటికి భోజనానికి వచ్చి, పప్పుచారు కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ తాగి, నేను చేపల గురించి అడిగిన ప్రశ్నలకు పొంగిపోయి, మర్నాడు ఒక పొడుగాటి గుడ్డసంచి పంపించాడు. అందులో నాలుగు ముక్కల కర్ర, చేతిలో ఇమిడే రీలు, పసుపురంగు మందపు దారం, చిన్న పెట్టెలో ఈకలు చుట్టిన మూడు కొక్కేలు. దీనికి ఎర అక్కర్లేదట. ఆ ఈకనే చేప రొయ్యపిల్ల అనుకుని మింగుతుందట. వాళ్ళ దేశంలో బాస్ అనే చేపను ఇలాగే పడతారట, మా హమూర్ కూడా దాని చుట్టమేనట. షరతు ఒకటే పెట్టాడు: ఆయన ఉద్యోగం ముగించుకుని దేశం వెళ్ళిపోయే లోగా నేను దాంతో ఒక్క చేపను, ఎర లేకుండా, పట్టానా, ఆ కర్ర నాదే. పట్టలేదా, తిరిగిచ్చెయ్యాలి. డిసెంబరు మొదటి ఆదివారం ఆయన విమానం. అమ్మో, ఆ కర్ర మీద నాకు పుట్టిన ఆశ అంతా ఇంతా కాదు! పరీక్షలో ఫస్టు రావాలని కూడా నేను అంతగా కోరుకోలేదు.

నాన్న మాత్రం సంచి విప్పి చూసి పకపకా నవ్వాడు. "ఈకలెట్టి చేపల్ని పడతాడంటే ఈయన! మా ఊళ్ళో అయితే పిచ్చోడనేసి కట్టేత్తారు."

మామూలు గాలానికి సీసం బరువుంటుంది, విసిరితే అదే దారాన్ని మోసుకుపోతుంది. దీనికి బరువంటూ ఏదీ లేదు, దారమే బరువు. కర్రను వెనక్కి ఊపి, దారం వెనకాల తిన్నగా పరుచుకునే దాకా ఊపిరి బిగబట్టి ఆగి, అప్పుడు ముందుకు కొట్టాలి. ఆ ఆగడం నాకు చేతనయితే కదా! కాంపౌండు పార్కింగులో కొక్కేనికి బదులు ఊలు ముక్క కట్టుకుని నెలరోజులు ఊపాను. దారం నా మెడకు చుట్టుకుంది, జడకు చుట్టుకుంది, ఎవరిదో కారు అద్దానికి చుట్టుకుంది. ఒకరోజు సాయంత్రం మాత్రం, ఎలా కుదిరిందో, దారం గాల్లో మెల్లగా విప్పుకుంటూ వెళ్ళి నేను అనుకున్న తెల్లగీత మీదే వాలింది. నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను.

ఒడ్డుకు వెళ్ళాక వింత మొదలైంది. నేను వెనక్కి ఊపినప్పుడల్లా సముద్రకాకులు కీచుకీచుమంటూ నా వెనకాల మూగేవి, ముందు నీళ్ళలో చేప జాడ ఉండేది కాదు. రెండు వారాలు అర్థం కాలేదు. మూడో వారం చటుక్కున వెనక్కి తిరిగి చూద్దునుకదా, ఒక కాకి నోట్లో రొయ్యముక్క! కూతురి బాధ చూడలేక, నేను అటు తిరిగినప్పుడల్లా నాన్న ఈక చివర గుట్టుగా రొయ్య గుచ్చుతున్నాడు. ఊపగానే అది ఊడి వెనక్కి ఎగిరిపోతోంది. కోరంగిలో పుట్టినవాడు ఒట్టి కొక్కెం నీళ్ళలో పడటం చూసి ఊరుకోగలడా!

"ఏందన్నా, పోరికి చేపలు పట్టుడు నేర్పుతున్నవా, పిట్టలకు బువ్వ పెడుతున్నవా?" అని మల్లేశం బాబాయ్ రాయి మీద పడీపడీ నవ్వాడు. ఆయనకు ఇదంతా ఇంటికి ఫోన్లో చెప్పుకునే వార్త. "మా అవ్వకు చెప్తే, దుబాయ్‌ల చేపలు ఈకలు తింటయా కొడుకా, అని అడుగుతుంది బిడ్డా. ఇది దుబాయ్ గాదే అంటే ఇనదు."

ఇంజినీరు సార్ ఇచ్చిన ఈకలు మూడూ రాళ్ళలో చిక్కుకుని పోయాయి. నేనేం చేశానంటే, అమ్మ పూజగూట్లో కృష్ణుడి పటం వెనక ఉన్న నెమలీక నుంచి పోగులు లాగి, ఆమె చిరుగుల పట్టుచీర అంచులో జరీ తీసి, నాన్న కొక్కేలకు చుట్టాను. ఎండ తగిలితే పచ్చగా మెరిసేవి. గూట్లో బోడికాడ మిగిలిన సంగతి కనిపెట్టి అమ్మ నా వీపు విమానం మోత మోగించింది. ఆ తర్వాత తనే కూర్చుని, నేను వదులుగా కట్టిన ముడులన్నీ పూలదండ కట్టే చేత్తో బిగించి పెట్టింది.

ఆ ఈకలకు చేపలు వచ్చాయి! ఒకటి, రెండు, మూడు. మూడూ పోయాయి. తగలగానే నాన్న పక్కనుంచి "ఎత్తవే!" అని గావుకేక పెట్టేవాడు, నేను కర్ర గుంజి పైకెత్తేదాన్ని, ఈక చేప నోట్లోంచి జారి నా ముఖం మీదికి ఎగిరివచ్చేది. వెదురుకర్రతో కాలవలో పట్టేవాళ్ళకు ఎత్తడమే అలవాటు. సార్ చెప్పింది వేరు: కర్ర వంచే ఉంచు, ఎడమచేత్తో దారం లాగు. ఆ మాట నాకు గుర్తే. కానీ నాన్న గొంతు చెవిలో పడ్డాక చేతులు నా మాట వినేవి కావు.

ఇంతలో కార్తీకం వచ్చింది. అమ్మ నెలంతా నీచు ముట్టదు, గడప లోపలికి రానివ్వదు. అయినా నాన్న నాకోసం ఒడ్డుకు వస్తూనే ఉన్నాడు. పట్టినా వదిలెయ్యాల్సిందే. చివరి శుక్రవారం ముందురోజు ఆయన నా పక్కన కూర్చుని, తలుపు వైపు ఒకసారి చూసి, మెల్లగా అన్నాడు: "అమ్మడూ, మార్కెట్లో ఓ హమూర్ కొనేసి, నీ చేతికిచ్చి ఫోటో తీసి పంపేద్దాం. సార్‌కేం తెలుత్తాదే?"

నాకు ఏడుపొచ్చింది. కర్ర పోతుందని కాదు, నేను పట్టలేనని ఆయన నమ్మేసినందుకు. "వద్దు నాన్నా, పడితే నేనే పడతాను," అన్నాను. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

శుక్రవారం పొద్దున పోటు మొదలైంది. ఎర్రబారిన ఆకాశం కింద పాయ నిండుతోంది, మడచెట్ల వేళ్ళ మధ్య నీళ్ళు గుటగుటలాడుతున్నాయి, దూరంగా రాజహంసలు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి. తొమ్మిదయింది, పదయింది. మల్లేశం బాబాయ్ ఫ్లాస్కులోంచి కరక్ చాయ్ పోసి, "తాగు బిడ్డా, పాణం కుదుటపడ్తది" అన్నాడు. తాగాను. లేచి, మునిగిన రాయి ఒకటి చూసుకుని, వెనక్కి ఊపి, ఆగి, కొట్టాను. ఈక రాయి అంచున వాలింది. ఒక లాగుడు, ఆగడం, ఇంకో లాగుడు. దారం రాయికి తట్టుకున్నట్టు ఆగిపోయింది. ఆ రాయి కదిలింది.

"ఎత్తవే! ఎత్తెహె! పోతాది!" నాన్న అరుస్తున్నాడు.

నేను ఎత్తలేదు. గాలం పట్టాక మొదటిసారి నాన్న మాట వినలేదు. పళ్ళు బిగించి కర్ర నీళ్ళ వైపే వంచి, ఎడమచేత్తో దారం బలంగా లాగాను. కొక్కెం దిగింది. హమూర్ తగిలిందంటే రాళ్ళ సందుల్లోకి దూరిపోవాలని చూస్తుంది, ఒక్కసారి దూరిందా ఇక అంతే సంగతులు, కాబట్టి వేలు కోసుకుపోతున్నా వదల్లేదు, వెనక్కి అడుగులు వేస్తూ, లాగుతూ, నీళ్ళలోంచి మచ్చల ఒళ్ళూ, పెద్ద నోరూ పైకి తేలేదాకా లాగుతూనే ఉన్నాను. మూరెడు కూడా లేదు. అయితేనేం! దాని నోటి మూలన నా నెమలీక మెరుస్తోంది.

మల్లేశం బాబాయ్ ఫోన్లో ఫోటో తీశాడు, సగం ఆయన బొటనవేలే పడింది. చేపను నీళ్ళలో పట్టుకుని వదిలేశాను. వెనక్కి తిరిగితే నాన్న అప్పటికే ఫోన్ చెవికి పెట్టి, సార్‌తో రోజూ మాట్లాడే ఇంగ్లీషంతా మర్చిపోయి, ఒడ్డంతా వినబడేట్టు అరుస్తున్నాడు. "సార్! మై డాటర్! హమూర్ సార్! ఓన్లీ ఈక! నో రొయ్య సార్, నో రొయ్య!" ఆయన కళ్ళు తడిసి ఉన్నాయి. సార్ ఫోన్ నాకిమ్మని ఒకే ఒక్క మాట అడిగాడు, కర్ర ఎత్తావా అని. ఎత్తలేదన్నాను. అయితే అది నీదే, అన్నాడు.

పదిహేనేళ్ళయింది. ఆ రాళ్ళు ఇప్పుడు లేవు, వాటి మీద నడిచే బాట వేసి కడ్డీలు కట్టారు, మేం గాలాలు పట్టుకుని ఇంకాస్త ఉత్తరానికి జరిగాం. మల్లేశం బాబాయ్ క్యాంపే ఎత్తేశారు, ఆయన ఊరెళ్ళి కోళ్ళఫారం పెట్టుకున్నాడు. సార్ ఎక్కడున్నాడో తెలియదు. నాన్న ఇంకా క్రేన్ నడుపుతూనే ఉన్నాడు, శుక్రవారం నాకు పదడుగుల దూరంలో రొయ్యల బకెట్టుతో కూర్చుంటూనే ఉన్నాడు. ఆ రోజు అంత అరిచిన మనిషి, వారం తిరక్కుండానే మాట మార్చేశాడు: "అది నీ హస్తవాసి. చేపకి మాత్రం రొయ్యే కావాలి." ఇన్నేళ్ళూ అదే మొండిపట్టు.

మొన్న శుక్రవారం నాకు రెండు హమూర్లు పడ్డాయి. ఆయన రొయ్యలన్నీ పీతలు తినేశాయి. బకెట్టు బోర్లించి, చేతులు లుంగీకి తుడుచుకుని, నా పక్కకు వచ్చి నిలబడి, నా ముఖం చూడకుండా సముద్రం వైపు చూస్తూ, "ఏదీ, ఆ ఈకోటి ఇలా తే," అన్నాడు. పెట్టెలో అన్నిటికన్నా మంచిది ఏరి ఇచ్చాను. ఆ మాట వినడానికి ఇంకో పదిహేనేళ్ళయినా ఆగేదాన్నే.