ఈశాన్యం మూల కన్నం

మా ఇంట్లో అందరికన్నా సుఖంగా ఉండేది కారు. దానికో షెడ్డు, షెడ్డుకో షట్టరు, ఒంటి నిండా దుప్పటి, ముందు వేలాడే నిమ్మకాయా మిరపకాయలూ. కొత్త కోడలిగా నేను గడపలో నిలబడినప్పుడు కూడా ఇంత శ్రద్ధగా దిష్టి తీయలేదు.

ఆ షెడ్డు గచ్చును వాస్తు ప్రకారం ఈశాన్యానికి వాలుగా పోశారు. కారు కడిగిన నీళ్ళు పోవడానికి ఆ మూల గోడలో, నేలకి ఆనుకుని, ఒక కన్నం వదిలారు. అవతల కాలువ, దాని పక్కన రోడ్డు. అప్పట్లో రోడ్డు షెడ్డు కన్నా పల్లంగా ఉండేదట. తర్వాత రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు. ఇప్పుడు వాన పడితే కాలువ నీళ్ళే ఆ కన్నంలోంచి లోపలికి వస్తాయి. పోవడానికి పెట్టిన దారిలో రాకూడదని నీళ్ళకి వాస్తు చెప్పినవాళ్ళు లేరు.

నీళ్ళంటే తోడుకున్నాం. నా నిద్ర పోయింది మాత్రం వెనక చెరుకు తోట కొట్టడం మొదలయ్యాక. తోట కొడితే అందులోని ఎలుకలన్నీ ఇళ్ళ మీద పడతాయి. వాటి వెనకే పాములు.

"తోట కొట్టేస్తన్నారు, కన్నాలు మూసుకోండమ్మా!" అని పక్కింటావిడ గోడ మీంచి కేకేసింది.

మా ఇంట్లో ఉన్నది ఒకటే కన్నం. అది మూయడానికి వీల్లేనిది.

మా అమ్మాయికి రెండేళ్ళు. ఒకరోజు ఏం చేస్తోందా అని చూస్తే, ఆ కన్నం ముందు బోర్లా పడుకుని బిస్కెట్ లోపలికి తోస్తోంది. బిస్కెట్‌తో పాటు మోచేతి దాకా చెయ్యి కూడా.

"ఎలక మామా, తిను," అంటోంది, ముద్దుగా.

పాలగిన్నె పొయ్యి మీదే వదిలేసి పరుగెత్తాను. ఆ సాయంత్రమే కన్నానికి ఇటుక అడ్డం పెట్టాను. తెల్లారేసరికి ఇటుక నైరుతి మూలకి చేరింది.

"ఈశాన్నంలో బరువెట్టకూడదే అమ్మా," అంది మా అత్తయ్య.

"ఒక్క ఇటుక కూడా బరువేనా అత్తయ్యా?"

"మరేటి, దూదా?"

సరే, బరువు లేనిదే పెడదామని గుడ్డ కుక్కాను. అదీ లాగేసింది. "ఈశాన్నం ముక్కు మూసేస్తే ఇల్లు ఊపిరెలగాడతాది?"

"దీని చేతిని పాము కరిస్తే ఇది ఊపిరెలా పీలుస్తుంది?"

"ఏటా మాటలు! సందేళ పాము పేరెత్తుతావేటి? పురుగను."

నేను చదివింది జంతుశాస్త్రం. పేరు మారిస్తే విషం తగ్గుతుందని మా కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

మా ఆయనకి చెప్పాను. "ఏటి నీ గోల? దాన్ని షెడ్లోకి వెళ్ళనివ్వకు. అయినా దాని సైకిలు కారు పక్కనెందుకు పెట్టేవు? గీత పడిపోద్ది," అన్నారు. మరీ రాయిలాంటి మనిషేం కాదు, కలరా ఉండలు తెచ్చారు. పిల్ల వాటిని పిప్పరమెంట్లనుకుంటుందని పారేశాను. ఎలుకల జిగురు అట్ట తెచ్చారు. దానికి ముందుగా చిక్కింది ఆయన చెప్పే.

పిల్లని చంకలోంచి దించడం మానేశాను. దించితే అది నేరుగా బిస్కెట్ డబ్బా దగ్గరికి, అక్కణ్ణుంచి షెడ్డులోకి.

ఒకరోజు పొద్దున కారు స్టార్ట్ కాలేదు. మెకానిక్ వచ్చి బానెట్ ఎత్తి, తల లోపలికి దూర్చేశాడు. నవ్వు ఆపుకుంటున్నాడని తర్వాత అర్థమైంది.

"ఎలక కాపరమెట్టేసింది బాబూ."

ఇంజిన్ మీద ఎండు చెరుకాకుల గూడు. చుట్టూ కొరికేసిన వైర్లు. గూట్లో మా అమ్మాయి బిస్కెట్లు, కొన్ని సగం తిన్నవి, కొన్ని రేపటికి దాచుకున్నవి.

పిల్లకి జ్వరమొచ్చినప్పుడు కూడా మా ఆయన ముఖం అలా అయిపోవడం నేను చూడలేదు. "ఎలగ కొరికేసిందో చూసేవా?" అన్నారు, తెగిన వైరు పట్టుకుని.

"చూశానండీ. మీకిన్నాళ్ళూ చెప్పిన కన్నంలోంచే వచ్చింది."

అప్పటికప్పుడు వాస్తు చెప్పిన సిద్ధాంతిగారికి ఫోన్ చేశారు. ఇనుప జాలీ బిగించుకోవచ్చట. జాలీ అంటే మూసినట్టు కాదట, గాలీ ఆడుతుందట, శాస్త్రమూ ఒప్పుకుంటుందట. మధ్యాహ్నానికల్లా మేస్త్రి, సిమెంటు, జాలీ అన్నీ వచ్చేశాయి.

"నాను ముందునుంచీ సెప్తన్నాను కదరా, జాలీ ఎయ్యించమని," అంది అత్తయ్య కొడుకుతో. ఎవరికి చెప్పిందో, బహుశా నైరుతి మూలలో ఉన్న ఇటుకకి.

సిమెంటు ఆరాక నా చిటికెన వేలితో జాలీని పొడిచి చూశాను. దూరలేదు. ఆ పూట వంట, మధ్యలో ఒక్కసారి కూడా షెడ్డుకి పరుగెత్తకుండా, పూర్తి చేశాను. అమ్మాయి మాత్రం బిస్కెట్ జాలీకి అదిమి అదిమి, పొడి చేసి, ఎలక మామ రావడం లేదని ఏడ్చింది.

ఆ పొడికి చీమలు పట్టాయి. పిల్ల కాళ్ళని కుట్టాయి. మా ఆయనతో కాళ్ళ సంగతి ఎత్తలేదు. "చీమలు కారు టైరెక్కుతున్నాయండీ," అన్నాను. సాయంత్రానికి చీమల మందు ఇంటికొచ్చింది.

జాలీ ఎలుకనైతే ఆపుతుంది, నీళ్ళని ఆపదు. మళ్ళీ వానలొచ్చేలోగా షెడ్డు గచ్చు ఎత్తు చేయించాలి. మురికి నీళ్ళలో పిల్ల ఆడుతుందని, దోమలు కుడతాయని చెప్పి గొంతు పోగొట్టుకోను. సైలెన్సర్‌లోకి నీళ్ళు పోతే ఇంజిన్ పాడైపోతుందట కదండీ అని, రేపు టిఫిన్ దగ్గర, ఆయన రెండో దోసె మీద ఉండగా అడుగుతాను.